‘మ్యాచ్డ్ 8 కోట్లు’ అంటే అసలు ఎంత? ఎక్స్ఛేంజ్ టర్నోవర్ లెక్క విప్పే పద్ధతి

బెట్టింగ్ ఎక్స్ఛేంజ్ అంటే పందెం కాసేవారిని ఒకరితో ఒకరిని జతపరిచే వేదిక. దాని తెర మీద ‘మ్యాచ్డ్’ (జత కుదిరిన పందేల మొత్తం) అని కనిపించే అంకెకు ఒకే అర్థం ఉండదు. ఒకే పందేన్ని ఒకరు 1,000 అని రాస్తారు, ఇంకొకరు 2,000 అంటారు, మరొకరు 3,000 అంటారు. ముగ్గురి లెక్కా తప్పు కాదు. ఏ వైపు సొమ్మును ఎన్నిసార్లు కూడారన్నదే తేడా. ఆ తేడా తెలియకపోతే పేపర్లో ‘కోట్లలో బెట్టింగ్’ అన్న శీర్షిక చదివినా, ఏజెంటు ఫోన్లో చూపించే స్క్రీన్‌షాట్ చూసినా, ఇంట్లో కుర్రాడి ఖాతా చిట్టా చేతికొచ్చినా తప్పుడు లెక్కే వేస్తాం.

ముందుగా చట్టం మాట. ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించారు. 2025లో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను దేశమంతటా ఆపింది. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. కాబట్టి ఇది పందెం కాయడం నేర్పే వ్యాసం కాదు. కనబడిన అంకెను సరిగ్గా చదవడం నేర్పేది. రిపోర్టర్లకు, లాయర్లకు, ఆడిటర్లకు, పిల్లల ఖాతా చూసి కంగారు పడే తల్లిదండ్రులకు పనికొస్తుంది.

ఒక పందెం, నాలుగు అంకెలు

ఎక్స్ఛేంజ్‌లో కంపెనీ మీతో పందెం కాయదు. ఒకరు ‘గెలుస్తుంది’ అంటారు, అది బ్యాక్. ఇంకొకరు ‘గెలవదు’ అంటారు, అది లే. ఇద్దరికీ ఒకే రేటు దగ్గర జత కుదిరితేనే పందెం మ్యాచ్ అయినట్టు. రేటు అంటే, బ్యాక్ చేసినవారు గెలిస్తే పెట్టిన రూపాయితో కలిపి చేతికొచ్చే రూపాయలు. బ్యాక్ చేసినవారు పెట్టేది స్టేక్. లే చేసినవారు ఓడితే ఇవ్వాల్సింది లయబిలిటీ. దాని సూత్రం ఒక్కటే:

లయబిలిటీ = స్టేక్ × (రేటు − 1)

అమలాపురం జట్టు, నరసాపురం జట్టు ఆడుతున్నాయనుకుందాం. అమలాపురం మీద 3.00 రేటుకి 1,000 రూపాయల పందెం జత కుదిరింది. బ్యాక్ చేసినవారి జేబులోంచి 1,000, లే చేసినవారి ఖాతాలోంచి 2,000 పక్కకు వెళ్తాయి. ఇప్పుడు లెక్క నాలుగు రకాలుగా రాయొచ్చు.

ఒకటి, బ్యాక్ స్టేక్ మాత్రమే: 1,000.
రెండు, బ్యాక్ స్టేక్‌ను రెట్టింపు చేసి: 2,000.
మూడు, ఇరువైపులా పెట్టిన అసలు సొమ్ము, అంటే స్టేక్ × రేటు: 3,000.
నాలుగు, ఫలితం వచ్చాక నిజంగా చేతులు మారింది: అమలాపురం గెలిస్తే 2,000, ఓడితే 1,000.

ఇంగ్లండ్‌లో 2000లో మొదలైన బెట్‌ఫెయిర్ వాడేది రెండో పద్ధతి. బ్యాక్ స్టేక్ ఎంతో, లే వైపు కూడా అంతే ఉన్నట్టు లెక్కగట్టి రెట్టింపు చేసి చూపిస్తుంది. పందెంలో ఇద్దరున్నారు కాబట్టి ఇద్దరి ఖాతాల్లోనూ 1,000 చొప్పున ‘మ్యాచ్డ్’ పడుతుంది. అన్ని ఖాతాల టర్నోవర్ (ఖాతాలో జత కుదిరిన స్టేకుల మొత్తం) కలిపితే ఆ రెట్టింపు అంకే వస్తుంది. లెక్క లోపల్లోపల ఒప్పుతుంది. కాకపోతే దాన్ని ‘పందెంలో పెట్టిన డబ్బు’ అని చదవకూడదు.

సంక్రాంతి బరిలో రెండు పుంజుల మీద చెరో లక్ష పెడితే, ఇరువైపుల సొమ్ము రెండు లక్షలు. అక్కడ రెట్టింపు చేయడం సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే అది సరి పందెం, ఎక్స్ఛేంజ్ భాషలో 2.00 రేటు. అదే బరి చుట్టూ పై పందేల్లో ఒకరు లక్ష, ఎదుటివారు అరవై వేలు ఒప్పుకుంటే రెట్టింపు లెక్క తప్పుతుంది. ఎక్స్ఛేంజ్‌లోనూ అంతే. రేటు 2.00 దగ్గర మాత్రమే రెట్టింపు అంకె, ఇరువైపుల సొమ్ము ఒకటవుతాయి. 2.00 కంటే కింద రెట్టింపు అంకె ఉబ్బి కనిపిస్తుంది, పైన కుంచించుకుపోతుంది.

50 రేటు దగ్గర 100 రూపాయల పందెం: లయబిలిటీ 4,900, ఇరువైపుల సొమ్ము 5,000, కానీ మ్యాచ్డ్ కింద చేరేది 200 మాత్రమే. 1.10 దగ్గర 10,000 పందెం: లయబిలిటీ 1,000, ఇరువైపుల సొమ్ము 11,000, మ్యాచ్డ్ కింద చేరేది 20,000. ఇక 1.01 దగ్గర లక్ష రూపాయల పందెం కుదిరితే తెర మీద 2,00,000 పెరుగుతుంది. దానికి ఎదురుగా లే చేసినవారు పెట్టింది 1,000 రూపాయలే.

క్రికెట్ ఆట ఆఖరి రెండు ఓవర్లలో మ్యాచ్డ్ అంకె ఒక్కసారిగా ఎగబాకడానికి ఇదొక ముఖ్య కారణం. ఫలితం దాదాపు తేలిపోయాక 1.01, 1.02, 1.03 దగ్గర పెద్ద పెద్ద స్టేకులు జత కుదురుతాయి. ఆ చివరి ఉరుకు చూసి ‘ఫిక్సింగ్’ అని తేల్చేసేవారు ముందు ఆ సొమ్ము ఏ రేటు దగ్గర పడిందో చూడాలి.

క్యూలో పందెం ఎలా జత కుదురుతుంది

ముందు మంచి రేటు, ఒకే రేటు దగ్గరైతే ముందు వచ్చినవారు. ఇదే వరస. అమలాపురం మీద లే వైపు ఇలా సొమ్ము ఉందనుకోండి: 2.04 దగ్గర 3,000, 2.02 దగ్గర 5,000, 2.00 దగ్గర 10,000. ఇవన్నీ బ్యాక్ స్టేక్ లెక్కలో రాసినవే, లయబిలిటీలు కావు. తెర మీద రేటు కింద కనిపించే అంకె ఎప్పుడూ ఇదే.

ఇప్పుడు ఒకరు ‘2.00 లేదా అంతకంటే మెరుగు’ అని 20,000 బ్యాక్ పెట్టారు. మొదట 2.04 దగ్గరున్న 3,000, తర్వాత 2.02 దగ్గరున్న 5,000, ఆపై 2.00 దగ్గరున్న 10,000 తీసుకుంటుంది. మొత్తం 18,000 జత కుదిరింది. మిగతా 2,000 క్యూలో నిలబడుతుంది. ఆ 2,000 మ్యాచ్డ్ కాదు, టర్నోవర్ కాదు. ఖాతాలో మాత్రం పక్కన పెట్టి ఉంటుంది. చిట్టా చదివేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే: పెట్టిన 20,000ను కూడేస్తారు. రద్దయిన పందేలను, పాక్షికంగా కుదిరిన పందేలను విడదీయకపోతే టర్నోవర్ ఎప్పుడూ ఎక్కువే వస్తుంది.

సగటు రేటు కూడా జాగ్రత్తగా తీయాలి. మూడు రేట్లు కూడి మూడుతో భాగిస్తే 2.02 వస్తుంది, అది తప్పు. స్టేకుతో తూచాలి:

(3,000 × 2.04 + 5,000 × 2.02 + 10,000 × 2.00) ÷ 18,000 = 36,220 ÷ 18,000 = 2.0122

పైన వచ్చిన 36,220 ఈ పందేల ఇరువైపుల సొమ్ము కూడా. అందులోంచి 18,000 తీసేస్తే లయబిలిటీ 18,220. విడివిడిగా సరిచూడండి: 3,120 + 5,100 + 10,000. సరిపోయింది.

బెట్‌ఫెయిర్‌లో రేట్లు మెట్లు మెట్లుగా ఉంటాయి. 1.01 నుంచి 2.00 దాకా 0.01 చొప్పున, 2 నుంచి 3 దాకా 0.02, 3 నుంచి 4 దాకా 0.05, 4 నుంచి 6 దాకా 0.1, 6 నుంచి 10 దాకా 0.2, 10 నుంచి 20 దాకా 0.5. ఆపైన మెట్లు ఇంకా పెద్దవి, చివరి రేటు 1,000. దీనివల్ల ఒక చక్కటి ఉపయోగం ఉంది. అక్కడి చిట్టాలో 2.03 అనో 3.37 అనో రేటు కనిపిస్తే అది ఒక్క పందెం రేటు కాదు, కొన్నింటి సగటు. దాని వెనక విడి పందేల జాబితా అడిగి తీసుకోవాలి.

మన ఊళ్ళ బుకీలు రేటు పైసల్లో చెబుతారు. 45 పైసలంటే రూపాయికి 45 పైసల లాభం, దశాంశంలో 1.45. రాతపుస్తకం చేతికొస్తే ముందు అన్నీ ఈ రూపంలోకి మార్చండి. పైసల అంకెను నేరుగా స్టేకుతో గుణిస్తే వచ్చేది లాభం. దాన్ని ఇరువైపుల సొమ్ము అనుకుంటే లెక్క మొత్తం పక్కకు పోతుంది.

అదే డబ్బు మళ్ళీ మళ్ళీ తిరిగితే

టర్నోవర్ అంటే తెచ్చిన డబ్బు కాదు, తిరిగిన డబ్బు. ఒకరు 10,000 రూపాయలతో అమలాపురాన్ని 2.00 దగ్గర బ్యాక్ చేశారు. ఆట అటు మొగ్గి రేటు 1.80కి దిగింది. ఇప్పుడు లే చేసి బయటపడాలంటే ఎంత పెట్టాలి?

లే స్టేక్ = బ్యాక్ స్టేక్ × బ్యాక్ రేటు ÷ లే రేటు = 10,000 × 2.00 ÷ 1.80 = 11,111.11

గెలిస్తే బ్యాక్ మీద 10,000 వస్తుంది, లే మీద 11,111.11 × 0.80 = 8,888.89 పోతుంది, మిగిలేది 1,111.11. ఓడితే 10,000 పోతుంది, 11,111.11 వస్తుంది, మళ్ళీ 1,111.11. ఈ ఒక్క ఖాతాలో టర్నోవర్ 21,111.11. ఎదుటి ఖాతాలూ కలిపిన మ్యాచ్డ్ 42,222.22. రెండో పందెం కుదిరాక ఈ మనిషి పోగొట్టుకోగలిగింది మాత్రం సున్నా. రోజంతా ఇలా లోపలికీ బయటికీ తిరిగే ఖాతా పదివేల డిపాజిట్‌తోనే లక్షల టర్నోవర్ చూపిస్తుంది. ‘మా అబ్బాయి లక్షలు పోగొట్టాడు’ అనుకున్న తల్లిదండ్రులు చూడాల్సినవి వేరే రెండు అంకెలు: బ్యాంకు నుంచి వెళ్ళింది, బ్యాంకుకు వచ్చింది. ఆ రెండింటి తేడాలోంచి ఖాతాలో మిగిలిన నిల్వ తీసేస్తేనే అసలు నష్టం తెలుస్తుంది. టర్నోవర్ చిన్నదని ఊరట పడటమూ తప్పే. పెద్ద రేట్ల దగ్గర లే చేసినవారు చిన్న టర్నోవర్‌తోనే ఇల్లు గుల్ల చేసుకోగలరు. 50 రేటు పందెం లెక్క పైనే చూశాం.

రెండు వరసల మధ్య జత

రెండు జట్ల ఆటలో అమలాపురం గెలవడమంటే నరసాపురం ఓడడమే, టై ఫలితాన్ని విడిగా పెట్టకపోతే. అందుకే తెర మీద ఒక్కో జట్టుకు ఒక్కో వరస ఉన్నా, ఎక్స్ఛేంజ్ ఇద్దరు బ్యాక్ చేసేవారిని కూడా కలపగలదు. ఒకరు అమలాపురం మీద 1.50కి 2,000, ఇంకొకరు నరసాపురం మీద 3.00కి 1,000 బ్యాక్ పెట్టారు. ఎవరు గెలిచినా చెల్లించాల్సింది 3,000. ఇద్దరూ పెట్టింది కలిపితే 3,000. మధ్యలో లే చేసిన మనిషి లేకుండానే లెక్క కుదిరింది.

ఈ సొమ్మును ఎలా కూడాలి? అమలాపురం వైపు నుంచి చూస్తే 1.50 దగ్గర 2,000 బ్యాక్‌కు 1,000 లయబిలిటీ, అంటే ఒకే పందెం. వరసకొకటి చొప్పున తీస్తే అమలాపురం 2,000, నరసాపురం 1,000 అని రెండు పందేలుగా కనిపిస్తుంది. వరసల మొత్తం, మార్కెట్ (ఆ ఆట ఫలితం మీది పందేలన్నీ) మొత్తం ఒకటి కాకపోతే కంగారు పడక్కర్లేదు, ముందు ఈ అడ్డజతలు చూడండి. ఇక్కడ నమ్మదగింది ఇరువైపుల సొమ్మే. ఏ వైపు నుంచి చూసినా అది 3,000.

రద్దులు కూడా ఉంటాయి. వాన వల్ల ఆట రద్దయి పందేలు చెల్లకపోతే స్టేకులు వెనక్కి వెళ్తాయి. బోనస్ ఇవ్వడానికి పెట్టే టర్నోవర్ షరతుల్లో ఇవి లెక్కకు రావడం అరుదు. గుర్రప్పందేల్లో ఒక గుర్రం తప్పుకుంటే మిగతావాటి రేట్లు తగ్గిస్తారు: 25 శాతం తగ్గింపు ఉంటే 8.0 రేటు 6.0 అవుతుంది. అప్పుడు 1,000 స్టేక్ అలాగే ఉంటుంది, కాబట్టి మ్యాచ్డ్ మారదు. లయబిలిటీ మాత్రం 7,000 నుంచి 5,000కు పడిపోతుంది.

కమీషన్, పన్ను

ఎక్స్ఛేంజ్ ఆదాయం టర్నోవర్ మీద రాదు. ఒక మార్కెట్లో ఒక ఖాతాకు వచ్చిన నికర లాభం మీద వస్తుంది. 5 శాతం అనుకుందాం. పైన చెప్పిన 18,000 పందెంలో అమలాపురం గెలిస్తే బ్యాక్ లాభం 18,220, కమీషన్ 911. ఓడితే లే చేసినవారికి 18,000, కమీషన్ 900. ఓడినవారు కమీషన్ కట్టరు. నికరం అన్న మాట మరిచిపోకండి. బ్యాక్, లే రెండూ చేసి 1,111.11 మిగుల్చుకున్న ఖాతాకు కమీషన్ 55.56 మాత్రమే. గెలిచిన పందెం మీద విడిగా 5 శాతం వేస్తే తప్పు.

పన్నులవాళ్ళు చూసే అంకె దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో ఎక్స్ఛేంజ్ కట్టే బెట్టింగ్ సుంకం కమీషన్ మీద 15 శాతం, మ్యాచ్డ్ మీద కాదు. మన దగ్గర 2023 అక్టోబరు 1 నుంచి ఆన్‌లైన్ డబ్బు ఆటల మీద వేసిన 28 శాతం జీఎస్టీకి (2025 సెప్టెంబరులో అది 40 శాతమైంది) ఆధారం ఆటగాడు జమ చేసిన సొమ్ము. గెలిచిన డబ్బును మళ్ళీ పెడితే అది కొత్తగా లెక్కకు రాదు. ఆదాయపు పన్ను 30 శాతం నికర గెలుపు మీద. అంటే జమ, టర్నోవర్, నికర గెలుపు, కమీషన్ నాలుగూ నాలుగు వేరు వేరు నిలువు వరసలు. ఒకదాని స్థానంలో ఇంకొకటి రాసిన చార్జిషీటు గానీ నోటీసు గానీ లెక్క దగ్గరే బలహీనపడుతుంది.

ఏజెంట్లు ఇచ్చే ఐడీల్లో ‘ఫ్యాన్సీ’, ‘సెషన్’, ‘బుక్‌మేకర్’ అన్న విభాగాలు ఉంటాయి. అవి ఎక్స్ఛేంజ్ పందేలు కావు. అక్కడ ఎదురుగా ఉండేది ఇంకో ఆటగాడు కాదు, నడిపేవారే. వాటిని రెట్టింపు చేయకూడదు, ‘మ్యాచ్డ్’ కింద కలపకూడదు. ‘పది రెట్లు టర్నోవర్ చేస్తే బోనస్’ అన్న ఎరలో కూడా మెలిక ఇదే. 2,000 బోనస్‌కు 20,000 తిప్పాలంటారు. లే పందేన్ని స్టేకుగా లెక్కేస్తారా, లయబిలిటీగా లెక్కేస్తారా అన్నది చెప్పరు. 1.20 దగ్గర 1,000 లే చేస్తే మొదటి పద్ధతిలో 1,000, రెండో పద్ధతిలో 200. రెండోదైతే ఒక్కసారి అయిపోతుందనుకున్న పని ఐదుసార్లు చేయాలి. రెండు వైపులా పెట్టిన పందేలు, చిన్న రేట్ల పందేలు చెల్లవన్న నిబంధన కూడా తరచుగా చిన్న అక్షరాల్లో ఉంటుంది.

చిట్టా చేతికొస్తే చేయాల్సిన పని

ఒక స్ప్రెడ్‌షీటు తెరిచి ఈ వరసలు పెట్టండి: సమయం, ఖాతా, బ్యాక్ లేదా లే, ఎవరి మీద, కుదిరిన రేటు, కుదిరిన స్టేక్, లయబిలిటీ, ఇరువైపుల సొమ్ము, ఫలితం, లాభనష్టం, కమీషన్. కుదరని భాగం, రద్దయినవి ముందే వేరే షీటులోకి తీసేయండి. తర్వాత రెండు వైపుల ఖాతాలూ ఈ చిట్టాలోనే ఉన్నాయా, ఒక వైపే ఉందా చూడండి. రెండూ ఉంటే ప్రతి పందెం రెండుసార్లు పడి ఉంటుంది. పందేల మొత్తం కావాలంటే స్టేకుల కూడికను సగం చేయాలి. ఒక వైపే ఉంటే సగం చేయకూడదు. కొన్ని పందేలకు రెండు వైపులూ, కొన్నింటికి ఒకటే ఉంటే పందెం సంఖ్యను బట్టి జతలు విడదీయక తప్పదు.

సరిచూసుకోవడానికి ఒక గట్టి పరీక్ష ఉంది. రెండు వైపుల ఖాతాలూ ఉన్న మార్కెట్లో అందరి లాభనష్టాలు, కమీషన్ తీయకముందు, కూడితే సున్నా రావాలి. కమీషన్ తీశాక కూడితే మైనస్‌లో కమీషన్ మొత్తం రావాలి. కొన్ని పైసల తేడా ఉంటే దశాంశాల సర్దుబాటు. రూపాయల్లో తేడా ఉంటే ఏదో పందెం జారిపోయింది, లేదా లే పందెంలో స్టేక్ ఉండాల్సిన చోట లయబిలిటీ పడింది. రెండోదే ఎక్కువగా జరుగుతుంది.

ఇప్పుడు ‘ఒక్క ఆటకు మ్యాచ్డ్ 8 కోట్లు’ అన్న అంకెను విప్పుదాం. రెట్టింపు పద్ధతి అని తేలితే బ్యాక్ స్టేక్ 4 కోట్లు. రేట్లవారీగా అది ఇలా ఉందనుకోండి: 1.02 దగ్గర కోటిన్నర, 1.60 దగ్గర కోటిన్నర, 2.50 దగ్గర కోటి. లయబిలిటీలు వరసగా 3 లక్షలు, 90 లక్షలు, కోటిన్నర, మొత్తం 2 కోట్ల 43 లక్షలు. ఇరువైపుల సొమ్ము 6 కోట్ల 43 లక్షలు. అందులో 1.02 వాటా చూడండి: తెర మీది 8 కోట్లలో 3 కోట్లు దానివే. బ్యాక్ చేసినవారి కోటిన్నర దాని మీద ఉన్న మాట నిజమే, కానీ ఎక్కువసార్లు అక్కడ చేతులు మారేది 3 లక్షలు.

రేటు న్యాయంగా ఉందనుకుంటే సగటున చేతులు మారేదానికి సూత్రం 2 × స్టేక్ × (రేటు − 1) ÷ రేటు. 1.02 వరసకు 5 లక్షల 88 వేలు, 1.60 వరసకు కోటీ 12 లక్షల 50 వేలు, 2.50 వరసకు కోటీ 20 లక్షలు. మూడూ కలిపితే సుమారు 2 కోట్ల 38 లక్షలు. ఇదీ ప్రతి పందేన్నీ విడిగా చూసిన లెక్కే. ఒకే మనిషి బ్యాక్ చేసి తర్వాత లే చేసి బయటపడిన పందేలు ఇందులో ఎన్ని ఉంటే, జేబుల మధ్య నిజంగా కదిలిన సొమ్ము అంత తగ్గుతుంది. దానికి తెర మీది అంకె చాలదు, ఖాతాల వారీ చిట్టా కావాలి.